మొబైల్ యాప్‌లో తేదీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆండ్రాయిడ్‌కి కాట్లిన్‌లో రాసినా, ఐఫోన్‌కి స్విఫ్ట్‌లో రాసినా, ఫ్లట్టర్ అయినా, రియాక్ట్ నేటివ్ అయినా, తేదీల దగ్గరికొచ్చేసరికి అందరూ అడిగేవి దాదాపు ఇవే. ఇక్కడ కోడ్ అతికించలేదు, ఎక్కడ దెబ్బ తగులుతుందో, ఎందుకు తగులుతుందో మాత్రం చెప్పాను. అన్నీ చదవకపోయినా మొదటి ప్రశ్న దాటేయకండి, మిగతా సగం జవాబులు దాని మీదే నిలబడ్డాయి.

తేదీకి ఏ టైప్ వాడాలి? అన్నిటికీ టైమ్‌స్టాంప్ (1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లో, మిల్లీసెకన్లో గడిచాయో చెప్పే అంకె) పెట్టేస్తే సరిపోదా?

సరిపోదు. కోడ్ మొదలుపెట్టే ముందు, నేను దాచబోయేది అసలు ఏమిటి అని అడగండి. మూడు రకాలున్నాయి.

ఒకటి, ఒక క్షణం. మెసేజ్ పంపిన సమయం, డబ్బు కట్టిన సమయం, లాగిన్ అయిన సమయం. ప్రపంచంలో ఎవరు ఎక్కడ కూర్చుని చూసినా ఆ క్షణం ఒకటే, వాళ్ల గడియారాల్లో అంకెలే వేరు. దీనికి టైమ్‌స్టాంప్ చక్కగా సరిపోతుంది.

రెండు, ఒట్టి క్యాలెండర్ తేదీ. పుట్టినరోజు, పాస్‌పోర్ట్ గడువు, సెలవు రోజు. వీటికి గంటలు లేవు, టైమ్‌జోన్ అసలే లేదు. 1998 మే 4న పుట్టినవాడు విమానం ఎక్కి ఇంకో ఖండంలో దిగినంత మాత్రాన మే 3న పుట్టినవాడైపోడు. కానీ దీన్ని టైమ్‌స్టాంప్‌గా దాచారంటే మీ యాప్‌లో సరిగ్గా అదే జరుగుతుంది.

మూడు, ఒక ఊరి గడియారం ప్రకారం చెప్పుకున్న సమయం. "వచ్చే మార్చి 10న ఉదయం పదింటికి, లండన్ టైమ్" లాంటిది. దీనికి తేదీ, సమయం, జోన్ పేరు మూడూ కావాలి.

కాట్లిన్‌లోనూ వాడే జావా టైమ్ లైబ్రరీలో ఈ మూడింటికీ విడివిడి టైప్‌లున్నాయి: ఇన్‌స్టంట్, లోకల్‌డేట్, జోన్డ్‌డేట్‌టైమ్. స్విఫ్ట్‌లో డేట్ అనే టైప్ పేరుకే డేట్, లోపల ఉన్నది క్షణమే. ఒట్టి తేదీ కావాలంటే డేట్‌కాంపొనెంట్స్ వాడండి, లేదా సంవత్సరం, నెల, రోజు ఉన్న చిన్న స్ట్రక్ట్ మీరే రాసుకోండి. ఫ్లట్టర్ వాడే డార్ట్‌లోని డేట్‌టైమ్‌కీ, రియాక్ట్ నేటివ్ వాడే జావాస్క్రిప్ట్‌లోని డేట్‌కీ ఇదే లోపం, అక్కడా సొంత క్లాస్ రాసుకోవడమే మేలు. పది నిమిషాల పని, నెలల తరబడి తిప్పలు తప్పుతాయి.

యూజర్ 15 ఎంచుకుంటే 14 అని సేవ్ అవుతోంది. ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి రెండు దారులున్నాయి, అవి ఎదురెదురు దిక్కుల్లో పనిచేస్తాయి కాబట్టి మీది ఏదో ముందు తేల్చుకోండి.

మొదటి దారి: పికర్ (యూజర్ తేదీ ఎంచుకునే పెట్టె) మీకు లోకల్ అర్ధరాత్రిని ఇచ్చింది, మీరు దాన్ని యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చి సర్వర్‌కి పంపారు. యూజర్ యూటీసీ కంటే 5:30 గంటలు ముందున్న జోన్‌లో ఉన్నాడనుకోండి. ఆగస్టు 15 అర్ధరాత్రి 00:00 అంటే యూటీసీలో ఆగస్టు 14 సాయంత్రం 18:30. సర్వర్ అందులోంచి తేదీ భాగం మాత్రం కత్తిరించి దాచుకుంటుంది. ఇంకేముంది, 14. జావాస్క్రిప్ట్‌లో టు-ఐఎస్ఓ-స్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు తీసుకునేవాళ్లందరికీ ఇదే గతి. యూటీసీకి తూర్పున ఉన్నవాళ్లకి వెంటనే కనిపించే బగ్ ఇది.

రెండోది దీనికి తిరగబడిన బగ్. ఆండ్రాయిడ్‌లో మెటీరియల్ డేట్ పికర్ ఎంచుకున్న రోజుకి యూటీసీ అర్ధరాత్రిని మిల్లీసెకన్లలో ఇస్తుంది. మీరు దాన్ని ఫోన్ టైమ్‌జోన్‌లో చూపించారు. యూటీసీకి ముందున్న జోన్‌లో కూర్చుని టెస్ట్ చేస్తే 15 ఉదయం ఏదో గంట వస్తుంది, తేదీ సరిగ్గానే ఉంటుంది, మీరు హాయిగా రిలీజ్ చేసేస్తారు. న్యూయార్క్‌లో ఉన్న యూజర్‌కి అదే విలువ 14 రాత్రి 8 గంటలు. వాళ్లు ఫిర్యాదు చేస్తారు, మీ ఫోన్‌లో ఎంత చూసినా అది కనిపించదు. జావాస్క్రిప్ట్‌లో సంవత్సరం-నెల-రోజు మాత్రమే ఉన్న స్ట్రింగ్‌ని డేట్‌కి ఇచ్చినా ఇదే కథ, దాన్ని యూటీసీగా చదువుతుంది. అదే స్ట్రింగ్‌కి సమయం జోడించి జోన్ రాయకపోతే మాత్రం లోకల్‌గా చదువుతుంది. ఎందుకిలా అని అడక్కండి, రూల్ అంతే.

మందు రెండింటికీ ఒకటే. పికర్ ఏ జోన్‌లో విలువ ఇచ్చిందో అదే జోన్‌లో దాన్ని సంవత్సరం, నెల, రోజుగా విడగొట్టండి. ఆ తర్వాత ఆ మూడు అంకెల్నే పట్టుకుని తిరగండి, మళ్లీ క్షణంగా మార్చకండి. జోన్ తేడా చూసుకుని గంటలు కలిపో, మధ్యాహ్నం 12 అని పెట్టో సర్దేసే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. యూటీసీకి 14 గంటలు ముందున్న జోన్ కూడా ఉంది, ఆ సర్దుబాటు అక్కడ తేలిపోతుంది.

సర్వర్‌తో తేదీలు ఏ రూపంలో ఇచ్చిపుచ్చుకోవాలి?

ఒట్టి తేదీ అయితే 2025-08-15 లాంటి స్ట్రింగ్. క్షణం అయితే ఐఎస్ఓ 8601 (తేదీ, సమయం రాసే అంతర్జాతీయ పద్ధతి) స్ట్రింగ్, చివర జెడ్ (అంటే యూటీసీ) గానీ ఆఫ్‌సెట్ (యూటీసీతో తేడా) గానీ తప్పకుండా ఉండాలి. రెండూ లేని సమయం వస్తే బ్యాకెండ్ వాళ్లతో పోట్లాడండి, అది ఎవరి సమయమో ఊహించుకోవడం యాప్ పని కాదు.

ఐఓఎస్ వాళ్లకి ఇంకో ముల్లు: స్ట్రింగ్‌ని తేదీగా మార్చే ఐఎస్ఓ8601డేట్‌ఫార్మాటర్ మామూలుగా సెకన్ల తర్వాత చుక్క పెట్టిన భిన్నాన్ని ఒప్పుకోదు. దానికి ఆప్షన్ ఆన్ చేస్తే భిన్నం లేని స్ట్రింగ్‌ని ఒప్పుకోదు. సర్వర్ ఒక్కోసారి ఒక్కోలా పంపుతుంటే రెండు ఫార్మాటర్లు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించాల్సిందే.

తేదీ 1970 జనవరి అని వస్తోంది

సెకన్లు ఇచ్చి మిల్లీసెకన్లు అనుకున్నారు. అంకెలు లెక్కపెట్టండి: ఈ కాలపు టైమ్‌స్టాంప్ సెకన్లలో అయితే పది అంకెలు, మిల్లీసెకన్లలో అయితే పదమూడు. 1700000000 అనేది సెకన్లుగా చదివితే 2023 నవంబర్ 14, మిల్లీసెకన్లుగా చదివితే 1970 జనవరి 20.

తేదీ 31 ఏళ్లు ముందుకి పోయి 2050ల్లో కనిపిస్తుంటే అది వేరే జబ్బు, స్విఫ్ట్‌లో వస్తుంది. ఆపిల్ లైబ్రరీ ఫౌండేషన్ లెక్క 2001 జనవరి 1 నుంచి మొదలవుతుంది, యూనిక్స్ లెక్క 1970 జనవరి 1 నుంచి. సర్వర్ డేటా చదివే జేసన్‌డీకోడర్‌కి మీరు ఏమీ చెప్పకపోతే అంకెని 2001 నుంచి సెకన్లుగానే చదువుతుంది. రెండిటికీ తేడా 978307200 సెకన్లు. ఈ అంకెని కోడ్‌లో కలపడమో తీసేయడమో చేయకండి, డేట్ డీకోడింగ్ స్ట్రాటజీ మార్చండి.

నెల ఒకటి తక్కువ వస్తోంది

జావాలోని పాత క్యాలెండర్ క్లాస్‌లో, జావాస్క్రిప్ట్ డేట్‌లో జనవరి అంటే 0. ఆండ్రాయిడ్ డేట్‌పికర్‌డైలాగ్ ఇచ్చే నెల కూడా అంతే. జావా టైమ్, స్విఫ్ట్, డార్ట్‌లలో జనవరి అంటే 1. లైబ్రరీ విలువ చేతికి రాగానే మార్చేసి, ఆ తర్వాత యాప్ అంతటా 1 నుంచి 12 మాత్రమే వాడండి.

ఏడాదంతా బాగానే ఉంది, డిసెంబర్ చివర్లో సంవత్సరం తప్పు చూపిస్తోంది

తేదీ ఏ రూపంలో రావాలో చెప్పే ప్యాటర్న్‌లో చిన్న వై బదులు పెద్ద వై రాశారు. చిన్న వై మనకి తెలిసిన మామూలు సంవత్సరం. పెద్ద వై వారాల లెక్క ప్రకారం నడిచే సంవత్సరం. ఐఎస్ఓ లెక్కలో సంవత్సరంలోని మొదటి గురువారం ఏ వారంలో పడితే అది 1వ వారం, వారం సోమవారంతో మొదలు. 2025 జనవరి 1 బుధవారం, అంచేత 2024 డిసెంబర్ 30, 31 రెండూ 2025 మొదటి వారంలోకి వెళ్లిపోతాయి. పెద్ద వై పెట్టిన యాప్ ఆ రోజు 30-12-2025 అని చూపిస్తుంది, అంటే ఏకంగా ఏడాది ముందుకి పోయింది. వారం ఆదివారంతో మొదలయ్యే లొకేల్‌లో (ఫోన్‌లో పెట్టుకున్న భాష, ప్రాంతం) ఇది డిసెంబర్ 29 నుంచే మొదలైంది. టెస్టింగ్‌లో దొరకదు, ఎందుకంటే మీరు టెస్ట్ చేసింది జూన్‌లో. పైగా ఆ వారంలో టీమ్ సగం సెలవులో ఉంటుంది.

ఇంకా ఇలాంటివే: పెద్ద ఎం నెల, చిన్న ఎం నిమిషం. చిన్న డి నెలలో రోజు, పెద్ద డి సంవత్సరంలో ఎన్నో రోజు. పెద్ద హెచ్ 24 గంటల లెక్క, చిన్న హెచ్ 12 గంటల లెక్క. చిన్న హెచ్ వాడి ఉదయం సాయంత్రం గుర్తు పెట్టకపోతే మధ్యాహ్నం రెండూ, తెల్లవారుజామున రెండూ ఒకేలా ఉంటాయి. జనవరి నెలంతా పెద్ద డి కూడా సరైన అంకెనే ఇస్తుంది, ఫిబ్రవరి 1న 32 అంటుంది.

కొందరి ఐఫోన్లలో మాత్రం తేదీ పార్స్ కావడం లేదు (స్ట్రింగ్‌ని తేదీగా చదవలేకపోతోంది), నిల్ (ఖాళీ విలువ) వస్తోంది

డేట్‌ఫార్మాటర్ మీరిచ్చిన ప్యాటర్న్‌ని ఉన్నదున్నట్టు వాడుతుందని అనుకుంటాం. అలా జరగదు, యూజర్ సెట్టింగ్స్‌ని కూడా పట్టించుకుంటుంది. 24 గంటల లెక్క మామూలుగా ఉండే దేశంలో యూజర్ దాన్ని ఆఫ్ చేసుకుంటే మీ పెద్ద హెచ్ ప్యాటర్న్ చెడిపోతుంది. ఫోన్‌లో బౌద్ధ క్యాలెండర్ పెట్టుకున్నవాళ్లకి 2025 అనేది 2568గా బయటికి వస్తుంది. లోపలికి వచ్చే 2025ని బౌద్ధ శకంగా చదివితే అది 1482 అవుతుంది. జపాన్ క్యాలెండర్‌లో 2025 అంటే రేవా 7.

సర్వర్ స్ట్రింగ్‌లు చదివే, రాసే ఫార్మాటర్‌కి ఎన్-యూఎస్-పాసిక్స్ (en_US_POSIX, యూజర్ సెట్టింగ్స్‌తో మారనిది) లొకేల్ పెట్టండి, జోన్ కూడా చేత్తో పెట్టండి. స్క్రీన్ మీద చూపించే ఫార్మాటర్‌కి మాత్రం యూజర్ లొకేల్ వదిలేయండి. ఈ రెండు పనులకీ ఒకే ఫార్మాటర్ వాడటమే అసలు తప్పు. అన్నట్టు, ఫార్మాటర్ తయారు చేయడం ఖర్చుతో కూడిన పని, లిస్ట్‌లో ప్రతి వరుసకీ కొత్తది చేయకండి.

ఆండ్రాయిడ్‌లో దీనికి చుట్టం లాంటి సమస్య ఉంది. లొకేల్ చెప్పకుండా ఫార్మాట్ చేస్తే అరబిక్ లాంటి కొన్ని భాషల ఫోన్లలో అంకెలు ఆ లిపిలోనే వస్తాయి. స్క్రీన్ మీద అది కావాల్సిందే, సర్వర్‌కి పంపితే మాత్రం ఎర్రరే. అక్కడ లొకేల్ రూట్ (ఏ భాషకీ, ప్రాంతానికీ చెందనిది) పెట్టండి.

రేపటి తేదీకి 86400 సెకన్లు కలిపితే చాలు కదా?

డేలైట్ సేవింగ్ (ఏడాదిలో ఒకసారి గడియారాన్ని ముందుకీ, ఒకసారి వెనక్కీ జరిపే పద్ధతి) ఉన్న చోట ఏడాదికి ఒక రోజు 23 గంటలు, ఒక రోజు 25 గంటలు. 25 గంటల రోజున అర్ధరాత్రికి 24 గంటలు కలిపితే అదే రోజు రాత్రి 11 దగ్గర ఆగిపోతారు. లూప్‌లో క్యాలెండర్ గీస్తుంటే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది, అక్కడి నుంచి గడులన్నీ జరిగిపోతాయి. డార్ట్‌లో డ్యూరేషన్ డేస్ 1 అని కలిపినా అంతే, పేరులో డేస్ ఉన్నా లోపల 24 గంటలే. డార్ట్‌లో రోజు అంకెకి ఒకటి కలిపి కొత్త డేట్‌టైమ్ కట్టండి, 32 ఇచ్చినా అదే వచ్చే నెలలోకి దొర్లుతుంది. స్విఫ్ట్‌లో క్యాలెండర్‌ని అడగండి. జావా టైమ్‌లో లోకల్‌డేట్‌కి ప్లస్‌డేస్ ఉంది.

జావాలో పాత పద్ధతి వదలనివాళ్లకి ఇంకో సంగతి: 30 రోజుల మిల్లీసెకన్ల కోసం 30 ఇంటూ 24 ఇంటూ 60 ఇంటూ 60 ఇంటూ 1000 అని రాస్తే ఇంట్‌లో (32 బిట్ పూర్ణసంఖ్య) పట్టదు. 2592000000 రావాల్సింది మైనస్ 1702967296 అవుతుంది, అంటే నెల ముందుకి పోవాల్సింది దాదాపు 20 రోజులు వెనక్కి పోతుంది. 24 రోజుల వరకూ సరిగ్గా వస్తుంది, 25 నుంచి బెడిసికొడుతుంది, అందుకే వారం రోజులతో టెస్ట్ చేసినవాళ్లకి చిక్కదు.

రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు?

మిల్లీసెకన్ల తేడా తీసి భాగించకండి. పైన చెప్పిన 23 గంటల రోజు మధ్యలో పడితే ఒక రోజు తగ్గుతుంది, దశాంశం కత్తిరించేస్తారు కాబట్టి. జావా టైమ్‌లో క్రోనోయూనిట్ డేస్‌కి రెండు లోకల్‌డేట్‌లు ఇవ్వండి. స్విఫ్ట్‌లో రెండింటికీ స్టార్ట్ ఆఫ్ డే తీసి, అప్పుడు డే కాంపొనెంట్ అడగండి, లేకపోతే నిన్న రాత్రి 11కీ ఈ ఉదయం 7కీ మధ్య తేడా సున్నా రోజులు అంటుంది. డార్ట్‌లో రెండు తేదీల్నీ యూటీసీ డేట్‌టైమ్‌లుగా కట్టి తేడా తీయండి, యూటీసీలో రోజు ఎప్పుడూ 24 గంటలే.

ఇవాళ్టిని కూడా లెక్కపెట్టాలా వద్దా అన్నది మాత్రం లైబ్రరీ చెప్పదు. మీ ప్రొడక్ట్ వాళ్లనే అడగండి.

జనవరి 31కి ఒక నెల కలిపితే ఏం రావాలి?

ఎవరిని అడిగితే వాళ్ల జవాబు. జావా టైమ్, స్విఫ్ట్ క్యాలెండర్ రెండూ ఫిబ్రవరి చివరి రోజు దగ్గర ఆపుతాయి. జావాస్క్రిప్ట్, డార్ట్‌లలో నెల అంకె పెంచితే దొర్లిపోతుంది: 2025 జనవరి 31 కాస్తా మార్చి 3 అవుతుంది, ఫిబ్రవరి మాయం. నెలనెలా కట్టే చందా యాప్‌లో ఇది వచ్చిందంటే ఫిబ్రవరి బిల్లే ఉండదు.

ఆపే లైబ్రరీలోనూ ఒక గుంట ఉంది. జనవరి 31కి నెల కలిపి ఫిబ్రవరి 28 తెచ్చుకున్నారు, దానికి మళ్లీ నెల కలిపితే మార్చి 28, ఆ తర్వాత ఏప్రిల్ 28. అసలు 31 ఇక తిరిగి రాదు. అందుకే ముందు వచ్చిన తేదీకి కలుపుతూ పోవద్దు. మొదటి తేదీని దాచుకుని దానికే 1, 2, 3 నెలలు కలపండి: ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30.

వయసు ఎలా లెక్కించాలి?

రోజుల్ని 365తో భాగించి మాత్రం కాదు. 18 ఏళ్లలో మామూలుగా నాలుగో ఐదో లీపు రోజులు ఉంటాయి, అన్ని రోజుల ముందే యూజర్‌ని 18 నిండినవాడిగా లోపలికి పంపేస్తారు. 365.25 పెట్టినా పుట్టినరోజు దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. సంవత్సరాల తేడా తీసి, ఈ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించండి, అంతే. జావా టైమ్‌లో పీరియడ్ ఈ పనే చేస్తుంది.

ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ల దగ్గర అసలు గొడవ. 2004 ఫిబ్రవరి 29న పుట్టిన మనిషికి 2022లో 18 ఎప్పుడు నిండాయి? జావా టైమ్‌లోనే రెండు జవాబులు వస్తాయి. పుట్టిన తేదీకి ప్లస్‌ఇయర్స్ 18 పెడితే 2022 ఫిబ్రవరి 28 వస్తుంది. కానీ పుట్టిన తేదీకీ ఆ ఫిబ్రవరి 28కీ మధ్య పీరియడ్ అడిగితే 17 ఏళ్ల 11 నెలల 30 రోజులు అంటుంది, 18 నిండేది మార్చి 1నే. లైబ్రరీలో బగ్ కాదిది, రెండు ఫంక్షన్లు రెండు వేరే ప్రశ్నలకి జవాబిస్తున్నాయి. చట్టాలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. వయసు మీద ఏదైనా హక్కు ఆధారపడి ఉంటే ఏ రోజు లెక్కో ముందే రాసి పెట్టుకోండి, యాప్ ఒక పద్ధతీ సర్వర్ ఒక పద్ధతీ వాడితే ఆ ఒక్క రోజు రెండూ కొట్టుకుంటాయి.

లీపు రూల్ మీరే రాస్తుంటే: 4తో భాగించబడాలి, 100తో భాగించబడితే 400తోనూ భాగించబడాలి. 2000 లీపు, 1900 కాదు, 2100 కాదు. మీరు రాయకండి, లైబ్రరీలో ఉంది.

రోజు మొదలు అంటే 00:00 కదా?

అన్నిచోట్లా కాదు. బ్రెజిల్‌లో 2018 నవంబర్ 4న గడియారాన్ని అర్ధరాత్రి 12 నుంచి నేరుగా 1కి జరిపారు, సావో పాలోలో ఆ రోజు 00:00 అన్నదే లేదు. ఐఓఎస్‌లో ఆ తేదీని ఒట్టి సంవత్సరం-నెల-రోజు ప్యాటర్న్‌తో ఆ జోన్‌లో పార్స్ చేస్తే నిల్ వచ్చేది, పుట్టినరోజు స్క్రీన్ అక్కడే కుప్పకూలేది. బ్రెజిల్ 2019లో డేలైట్ సేవింగ్ మానేసింది గానీ పాత తేదీలు పాత తేదీలే. గంటని సున్నా చేసే కోడ్ రాయకుండా స్విఫ్ట్‌లో స్టార్ట్ ఆఫ్ డే, జావా టైమ్‌లో అట్-స్టార్ట్-ఆఫ్-డే వాడండి, అవి 01:00 ఇస్తాయి. ఒట్టి తేదీలైతే క్షణంగా మార్చకపోవడం ఇంకా మంచిది.

అన్నీ యూటీసీలో దాచమని అందరూ అంటారు. అది తప్పా?

జరిగిపోయినవాటికి సరైన సలహా. జరగబోయేవాటికి కాదు.

లండన్‌లో ఆరు నెలల తర్వాత ఉదయం 10కి మీటింగ్ పెట్టారు. ఈ రోజు ఉన్న రూల్ ప్రకారం యూటీసీలోకి మార్చి దాచారు. మధ్యలో ఆ దేశం డేలైట్ సేవింగ్ మార్చేసిందనుకోండి, మీ మీటింగ్ 9కో 11కో జరిగిపోతుంది, మనుషులు మాత్రం 10కే వస్తారు. ఇది ఊహ కాదు. మెక్సికో 2022లో చాలావరకు డేలైట్ సేవింగ్ ఎత్తేసింది, ఈజిప్టు 2023లో మళ్లీ తెచ్చింది. లెబనాన్‌లో 2023 మార్చిలో గడియారం మార్చే తేదీని ప్రభుత్వం చివరి క్షణంలో వాయిదా వేసి, కొద్ది రోజులకే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లో అక్కడ ఫోన్ ఒక టైమ్, గోడ గడియారం ఒక టైమ్.

కాబట్టి ముందు ముందు జరగాల్సిన వాటికి లోకల్ తేదీ, సమయం, జోన్ పేరు దాచండి, యూటీసీ విలువని అవసరమైనప్పుడు లెక్కగట్టుకోండి. జోన్ పేరు అంటే యూరప్/లండన్, అమెరికా/న్యూయార్క్ లాంటిది, ప్లస్ ఒకటి మైనస్ ఐదు లాంటి ఆఫ్‌సెట్ కాదు. ఆఫ్‌సెట్ ఆ క్షణంలో ఎంత తేడా ఉందో చెబుతుంది, రేపు ఎంత ఉంటుందో చెప్పదు. మూడక్షరాల పొట్టి పేర్లు అసలు వద్దు, ఐఎస్‌టీ అంటే భారత్, ఐర్లాండ్, ఇజ్రాయెల్ మూడూ మాది అంటాయి. ఇంకో మాట, ఆఫ్‌సెట్‌ని పూర్ణ గంటలుగా దాచకండి. భారత్‌ది 5:30, నేపాల్‌ది 5:45.

ఎస్‌క్యూలైట్‌లో తేదీ కాలమ్ ఏ టైప్?

ఫోన్‌లోనే ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌కి తేదీ టైప్ లేదు. ఒట్టి తేదీకి టెక్స్ట్ పెట్టి 2025-08-15 రూపంలో రాయండి, అక్షర క్రమంలో సార్ట్ చేసినా తేదీల క్రమమే వస్తుంది. రోజు ముందు పెట్టే రూపంలో దాచితే రాదు. క్షణానికి ఇంటిజర్. ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ రూమ్‌లో అయితే టైప్ కన్వర్టర్ ఒకసారి రాసుకుంటే చాలు.

నెల క్యాలెండర్ గ్రిడ్ నేనే గీస్తున్నాను. ఎన్ని వరుసలు పెట్టాలి?

నాలుగు నుంచి ఆరు. 2026నే తీసుకోండి, వారం ఆదివారంతో మొదలైతే ఫిబ్రవరి సరిగ్గా నాలుగు వరుసల్లో ఇమిడిపోతుంది, అదే ఏడాది ఆగస్టుకి ఆరు కావాలి. వారం సోమవారంతో మొదలైతే ఆ ఫిబ్రవరికే ఐదు కావాలి. నెల మారినప్పుడల్లా స్క్రీన్ ఎగిరిపడకుండా ఉండాలంటే ఎప్పుడూ ఆరు పెట్టేయండి, నాకు అదే నచ్చుతుంది.

వారం ఏ రోజు మొదలవ్వాలో మీరు నిర్ణయించకండి, లొకేల్‌ని అడగండి. యూరప్‌లో చాలాచోట్ల సోమవారం, అమెరికాలో ఆదివారం, కొన్ని అరబ్ దేశాల్లో శనివారం. ముందు ఖాళీ గడుల లెక్క: 1వ తేదీ వారం అంకెలోంచి వారం మొదటి రోజు అంకె తీసేసి, 7 కలిపి, 7తో భాగించిన శేషం. ఏడు కలపడం మర్చిపోతే కొన్ని నెలల్లో మైనస్ వస్తుంది. ఆ వారం అంకెలు కూడా ఎవరి దారి వాళ్లదే. స్విఫ్ట్‌లో ఆదివారం 1, జావా టైమ్‌లో, డార్ట్‌లో సోమవారం 1 ఆదివారం 7, జావాస్క్రిప్ట్‌లో ఆదివారం 0.

యూజర్‌కి తేదీ ఏ ఫార్మాట్‌లో చూపించాలి?

03/04/2025 అని మాత్రం చూపించకండి. ఒకరికి అది ఏప్రిల్ 3, ఇంకొకరికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో వస్తే ఏ గొడవా లేదు. ప్యాటర్న్ చేత్తో రాయకుండా, మీకు ఏ భాగాలు కావాలో చెప్పి వరుస లొకేల్‌కి వదిలేసే ఫంక్షన్లు ఆండ్రాయిడ్, ఐఓఎస్ రెండింటిలోనూ ఉన్నాయి. నెల పేరు ఒంటరిగా రాస్తుంటే, అంటే క్యాలెండర్ పైన హెడింగ్‌లా, పెద్ద ఎం బదులు పెద్ద ఎల్ వాడండి. రష్యన్ లాంటి భాషల్లో తేదీతో కలిసిన నెల పేరూ, ఒంటరి నెల పేరూ వేరు.

యూజర్ ఫిబ్రవరి 30 టైప్ చేస్తే యాప్ ఒప్పేసుకుంటోంది

జావాలోని పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ మామూలుగా ఉదారంగా ఉంటుంది, 2025 ఫిబ్రవరి 30ని మార్చి 2 చేసేస్తుంది. డార్ట్ పార్స్ కూడా అంతే. జావా టైమ్‌లో మీ సొంత ప్యాటర్న్ ఇస్తే ఫిబ్రవరి 28కి తగ్గిస్తుంది, ఇది ఇంకా మోసం, ఎందుకంటే చూడ్డానికి సరైన తేదీలాగే ఉంటుంది. స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి. స్ట్రిక్ట్ పెట్టగానే అన్నీ ఫెయిల్ అవుతున్నాయంటే ప్యాటర్న్‌లో వై బదులు యు అక్షరం రాయండి, స్ట్రిక్ట్‌లో వైకి శకం కూడా కావాలి.

రెండంకెల సంవత్సరం ఎప్పుడూ అడగొద్దు. జావా టైమ్ 65ని 2065 అనుకుంటుంది, పుట్టిన తేదీ ఫీల్డ్‌లో అది బాగోదు.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో జావా టైమ్ పనిచేస్తుందా?

ఏపీఐ 26 అంటే ఆండ్రాయిడ్ 8 నుంచి సొంతంగా ఉంది. అంతకంటే పాతవాటికి బిల్డ్ టూల్ గ్రేడిల్‌లో కోర్ లైబ్రరీ డీషుగరింగ్ (కొత్త లైబ్రరీని పాత ఫోన్లలో నడిపించే సదుపాయం) ఆన్ చేస్తే చాలు, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 4.0 నుంచి ఉంది. సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఇంకా పట్టుకుని వేలాడటానికి ఇప్పుడు కారణమేమీ లేదు. పైగా అది థ్రెడ్ సేఫ్ కాదు, రెండు థ్రెడ్లు ఒకే ఆబ్జెక్ట్ వాడితే ఎర్రర్ కూడా లేకుండా తప్పు తేదీలు ఇస్తుంది.

రోజూ ఉదయం 8కి రిమైండర్ పెట్టాను, ఒక్కోసారి 7కి మోగుతోంది, ఒక్కోసారి మోగడమే లేదు

7కి మోగడం 24 గంటలు కలపడం వల్ల, పైన చెప్పిందే. ప్రతిసారీ తర్వాతి రోజు 8 గంటల్ని క్యాలెండర్‌తో లెక్కగట్టి మళ్లీ పెట్టండి. మోగకపోవడానికి కారణాలు వేరు. ఆండ్రాయిడ్‌లో ఫోన్ రీస్టార్ట్ అయితే అలారాలన్నీ పోతాయి, బూట్ అయ్యాక మీరే మళ్లీ పెట్టాలి. టైమ్‌జోన్ మారిందన్న బ్రాడ్‌కాస్ట్ (సిస్టమ్ యాప్‌లకి పంపే కబురు) కూడా వినాలి. కచ్చితమైన సమయానికి మోగాలంటే ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి ఉంది, అది దొరికిందో లేదో చూసుకోండి. ఐఓఎస్‌లో క్యాలెండర్ ట్రిగ్గర్‌కి గంట, నిమిషం ఇచ్చి రిపీట్ పెడితే మిగతాది సిస్టమ్ చూసుకుంటుంది. రిపీట్ లేకుండా ఏడాదికి సరిపడా ముందే పేర్చిపెడదామంటే కుదరదు, ఒక యాప్‌కి 64 పెండింగ్ లోకల్ నోటిఫికేషన్లే ఉంచుతుంది.

యూజర్ ఫోన్ టైమ్ మార్చేసి ట్రయల్ పొడిగించుకుంటున్నాడు

ఫోన్ గడియారం యూజర్ సొత్తు, దాన్ని నమ్మి డబ్బు లెక్కలు చేయకండి. గడువు సర్వర్‌లో చూడండి. నెట్ లేనప్పుడు ఎంత సమయం గడిచిందో తెలియాలంటే ఆండ్రాయిడ్‌లో ఎలాప్స్డ్ రియల్‌టైమ్ ఉంది, అది బూట్ అయినప్పటి నుంచి లెక్క, యూజర్ గడియారం మార్చినా కదలదు. రీస్టార్ట్ అయితే మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది.

"ఈ రోజు" అని చూపించే లేబుల్ నిన్నటి దగ్గరే ఆగిపోయింది

రాత్రి యాప్ మూయకుండా పడుకున్నారు, అంతే. ఈ రోజు తేదీని స్క్రీన్ తయారైనప్పుడు ఒకసారి పట్టుకుని కూర్చోకూడదు. యాప్ ముందుకి వచ్చినప్పుడల్లా మళ్లీ అడగండి. యాప్ తెరిచే ఉన్నప్పటి కోసం ఐఓఎస్‌లో డే చేంజ్డ్ నోటిఫికేషన్, ఆండ్రాయిడ్‌లో డేట్ చేంజ్డ్ బ్రాడ్‌కాస్ట్ ఉన్నాయి.

2038 గురించి టెన్షన్ పడాలా?

సెకన్లని 32 బిట్ ఇంట్‌లో దాచితేనే. 2147483647 తర్వాత అందులో చోటు లేదు, అది యూటీసీలో 2038 జనవరి 19, 03:14:07. కాట్లిన్‌లో ఇంట్ బదులు లాంగ్ పెట్టండి. ఇంకా చాలా టైముంది అనుకోకండి, ఇరవై ఏళ్ల లోన్ చివరి వాయిదా తేదీని మీ యాప్ ఈపాటికే లెక్కగడుతోంది.

ఇవన్నీ టెస్ట్ చేసేదెలా? ఫోన్ తేదీ మార్చుకుంటూ కూర్చోవాలా?

అక్కర్లేదు. "ఇప్పుడు ఎంత" అన్న ప్రశ్నని కోడ్‌లో ఎక్కడపడితే అక్కడ నేరుగా సిస్టమ్‌ని అడగకుండా ఒకే చోట నుంచి తీసుకోండి. జావా టైమ్‌లో దీనికోసమే క్లాక్ అనే క్లాస్ ఉంది, టెస్ట్‌లో ఫిక్స్‌డ్ క్లాక్ ఇచ్చేస్తే మీకు కావాల్సిన రోజు దగ్గర కాలం ఆగిపోతుంది. స్విఫ్ట్, డార్ట్‌లలో తేదీ ఇచ్చే చిన్న ఫంక్షన్‌ని పారామీటర్‌గా పంపినా అదే పని జరుగుతుంది. జోన్, లొకేల్ కూడా అలాగే బయటి నుంచి ఇవ్వండి, లేకపోతే టెస్ట్ మీ ల్యాప్‌టాప్‌లో పాస్ అయి యూటీసీలో నడిచే బిల్డ్ సర్వర్‌లో ఫెయిల్ అవుతుంది.

ఏ తేదీలతో? 2024 ఫిబ్రవరి 29, ఏదైనా నెల 31, 2024 డిసెంబర్ 30, 2018 నవంబర్ 4. ఏ జోన్లతో? సావో పాలో, న్యూయార్క్, ఖాట్మండు, పైన ప్లస్ 14 ఉన్న కిరిటిమాటి. ఓపికుంటే పసిఫిక్/అపియా కూడా చేర్చండి. సమోవా 2011లో అంతర్జాతీయ దినరేఖకి అటు నుంచి ఇటు మారింది, అక్కడి క్యాలెండర్‌లో డిసెంబర్ 29 గురువారం తర్వాత 31 శనివారం, ఆ శుక్రవారం లేనే లేదు. మీ లూప్ ఆ వారాన్ని ఆగిపోకుండా దాటిందా చూడండి.